తాపసతరువు బాదం చెట్టేనా?

మీ సందేహం నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంట్లో ఉన్న పాత రామాయణ టీకలో, శృంగిబేరపురం దగ్గర రాముడు ఆగిన ఇంగుదీ వృక్షానికి ‘తాపసతరువు’ అని అర్థం రాసి ఉంది. నిఘంటువు చూస్తే తాపసతరువంటే బాదం చెట్టు అని వచ్చింది. మరి రాముడు ఆ రాత్రి గడిపింది బాదం చెట్టు కిందనా? కాదండీ, అది గార చెట్టు. నేను కూడా చాలాకాలం మీలాగే అనుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

హనుమకొండలో మేము చదువుకున్న బడి ఆవరణలో పెద్ద బాదం చెట్టు ఉండేది. రాలిన కాయను బండరాయి మీద పెట్టి కొడితే పీచు చిట్లి, లోపల వేలి గోరంత పప్పు బయటపడేది. అది దక్కేలోగా రెండు మూడు దెబ్బలు వేళ్ల మీదే పడేవి. తరువాత ఎప్పుడో ఒక పార్కులో ఇదే చెట్టుకు ‘తపస తరువు’ అని రాసిన రేకు కనబడింది. శాకుంతలం మొదటి అంకంలో, ఇంగుదీ కాయలు పగలగొట్టిన రాళ్లు నూనె జిడ్డుతో మెరుస్తున్నాయని, వాటిని బట్టే ఇది ఆశ్రమ ప్రాంతమని దుష్యంతుడు గుర్తించే చోటు చదివినప్పుడు, మా బడిలోని బండరాయే నా కళ్ల ముందు మెదిలింది. ఆ పోలిక అంత బాగా కుదరడమే నన్ను తప్పుదారి పట్టించింది.

దాన్ని సరిదిద్దింది మా నానమ్మ. పరకాల దగ్గరి మా ఊళ్లో చెలక గట్టున ఉన్న ఒక ముళ్ల చెట్టును చూపించి పేరడిగితే, “గారచెట్టు బిడ్డా, ముండ్లు జూసి పో” అంది. కొమ్మల నిండా పొడవాటి నిటారు ముళ్లు, ఒక్కో కాడకు రెండేసి ఆకులు, పండితే పసుపుపచ్చగా మారే కాయ, లోపల బంక లాంటి గుజ్జు, దాని నడుమ గట్టి టెంక ఉన్నాయి. ఆ గుజ్జు నురుగు వస్తుందని, తమ చిన్నతనంలో దానితో బట్టలు ఉతికేవారని చెప్పింది. విత్తనం నుండి నూనె వస్తుంది. తరువాత వృక్షశాస్త్ర పుస్తకాలలో ఇంగుదీ అన్న మాటకు ఎదురుగా ఈ గార చెట్టునే చూశాను. దాని శాస్త్రీయ నామం బెలనైటిస్.

సంస్కృత పర్యాయపదాల నిఘంటువైన అమరకోశం వనౌషధి వర్గంలో ‘ఇంగుదీ తాపసతరుః’ అని ఉంది. అంటే ఈ రెండు మాటలూ ఒకే చెట్టువి, తాపసతరువంటే మునుల చెట్టు. ఆ పేరు ఎందుకు వచ్చిందో కావ్యాలు చదివితే తెలుస్తుంది. శకుంతల దర్భమొన గుచ్చుకున్న లేడిపిల్ల నోటికి రాసింది ఇంగుదీ నూనెనే. రఘువంశంలో వాల్మీకి ఆశ్రమంలో సీత కుటీరానికి దీపమైనదీ ఆ నూనే. తండ్రి మరణవార్త విన్న రాముడు చిత్రకూటంలో రేగుపండ్లు కలిపి పెట్టిన పిండం కూడా ఇంగుదీ పిండితో చేసిందే. కొనలేని వారికి, ఊరికి దూరంగా ఉన్నవారికి అడవి ఇచ్చే నూనె ఇది. భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం దీనికి ‘తిక్తక’ అని, అంటే చేదుదని, ఇంకొక పేరు ఇచ్చింది. మనం చిన్నప్పుడు వగరుతీపిగా చీకిన బాదం కండకు ఆ పేరు ఎలా సరిపోతుంది?

అదీగాక, మన వీధుల్లోని బాదం సముద్రతీరాల చెట్టు. దాని కాయ నీటి మీద తేలుతూ పోయి వేరొక తీరాన మొలుస్తుంది. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1767లో దానికి పెట్టిన టెర్మినాలియా కటాపా అన్న పేరులోని రెండో మాట కూడా మలయ్ భాషలోని ‘కెటపాంగ్’ నుండి వచ్చింది. గంగ ఒడ్డున, మెట్ట అడవుల్లో మునులకు అందుబాటులో ఉండవలసినది మాత్రం ఎండకు తట్టుకునే గార చెట్టే. ఈ తికమక మీ నిఘంటువు ఒక్కదానిలోనే లేదు; 1899 నాటి మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు కూడా ఇంగుదీకి టెర్మినాలియా కటాపా అనే అర్థం ఇచ్చింది.

ఇక కిరాణా దుకాణంలో మనం కొనే అసలు బాదం ఈ రెండింటికీ చుట్టం కాదు. అది పీచ్ పండుకు దగ్గరి బంధువు. దానికి సంస్కృతంలో వేరే మాటలున్నాయి. చరకసంహిత అక్షోటంతో, అంటే అక్రోటుతో, కలిపి ‘వాతామము’ను చెప్పింది. 16వ శతాబ్దపు భావప్రకాశంలో అది ‘వాతాదము’ అయింది, పక్కనే ‘వాతవైరి’, ‘నేత్రోపమఫలము’ అనే పేర్లు చేరాయి. కంటిలాంటి కాయ అన్న చివరి పేరు నాకు చాలా ఇష్టం. పప్పును అడ్డంగా పెట్టి చూస్తే ఎందుకన్నారో తెలుస్తుంది. వాతవైరి మాత్రం, పారసీక ‘బాదామ్’కు చుట్టమైన మాటలో వైద్యులు వాతదోషాన్ని వెదికి పట్టుకోవడం వల్ల పుట్టిందని నా అనుమానం.

కాబట్టి మీ టీకలో ఆ మాట ఉన్నచోట ‘గార చెట్టు’ అని పెన్సిలుతో రాసుకోండి. నిఘంటువులో వాతాదము కనబడితే అక్కడ బాదం అన్న అర్థాన్ని అలాగే ఉంచవచ్చు.