చింత దుంగ కోస్తుంటే పలక మీద అలలు పడుతున్నాయా?

బద్వేలు అన్నా, చైన్ రంపానికి బిగించి పలకలు కోసే ఫ్రేము, అదే మిల్లు, కొత్తదే అయినా కోత ఒక పక్కకే లాగుతోంది, పలక మీద అలలు పడుతున్నాయి అన్నారు కదా. ఫ్రేమును విప్పకండి, ముందు చైన్ చూడండి. ఒక వైపు పళ్లు మొద్దుబారితే కోత పదునున్న వైపుకే పోతుంది. అన్నిటికంటే పొట్టి పన్ను కొలిచి, మిగతావి అంత పొడవుకే ఆకురాయితో రాయండి. దుంగను అడ్డంగా కోసే చైన్‌కు పళ్లను 30 డిగ్రీల కోణంలో రాస్తే సరే; నిలువునా కోసి పలకలు నునుపుగా రావాలంటే 10 డిగ్రీలే మేలు.

పొట్టు పిండిలా రాలుతుంటే పదును పోయినట్టే. బెరడులో ఇరుక్కున్న ఇసుకే మన పక్క పెద్ద శత్రువు. నేను బ్రష్ కొట్టకుండా కోసి, అరగంటలో చైన్ పాడు చేసుకున్నా! చైన్ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ, అంటే బార్‌ను అప్పుడప్పుడు తిరగేసి బిగించండి, ఆయిల్ రంధ్రం శుభ్రంగా ఉంచండి. అప్పటికీ లాగితే బార్ అంచులు అరిగాయేమో చూడాలి.