చెక్క కోసే సర్క్యులర్ సాకి మెటల్ బ్లేడ్ వేసి స్టీల్ కోయొచ్చా?

మీ దగ్గర చెక్క కోసే 185 మి.మీ. సర్క్యులర్ సా ఉంది. షెల్ఫు ఫ్రేము కోసం స్క్వేర్ పైపులు, యాంగిల్స్ కోయాలి. గ్రైండర్ రవ్వలతో విసిగిపోయారు కాబట్టి అదే సాకి స్టీల్ కోసే పళ్ళ బ్లేడ్ వేసుకోవచ్చా అని అడిగారు.

వేసుకోవచ్చు, కానీ ముందు మీ మెషిన్ ఎంత వేగంగా తిరుగుతుందో చూడండి. నేను బెంచీ ఫ్రేములు, స్టాండ్లు, ఒక గేటు ఈ పద్ధతిలోనే కోసుకున్నాను. అడిగిన ప్రతివాళ్ళకీ ఇదే చెబుతాను: బ్లేడ్ ఏ కంపెనీది అన్నదానికంటే ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది ముఖ్యం.

చెక్క కోసే 185 మి.మీ. రంపాలు ఎక్కువగా నిమిషానికి 5,000 నుంచి 5,800 చుట్లు తిరుగుతాయి. స్టీల్ కోసమే చేసిన చేతి రంపాలు 3,500–4,000 దగ్గర ఉంటాయి. 355 మి.మీ. బ్లేడ్‌తో టేబుల్ మీద నిలబెట్టి, నీళ్ళూ నూనే పోయకుండా కోసే డ్రై కట్ మెషిన్లు ఇంకా తక్కువ, 1,300–1,500 తిరుగుతాయి. 185 మి.మీ. బ్లేడ్ చుట్టుకొలత సుమారు 58 సెం.మీ. కాబట్టి 5,500 ఆర్‌పీఎం దగ్గర పంటి కొన సెకనుకు 53 మీటర్ల వేగంతో స్టీల్‌ని తాకుతుంది. 3,800 దగ్గర అది 37 మీటర్లకు తగ్గుతుంది. 1,300 మీద తిరిగే పెద్ద డ్రై కట్ బ్లేడ్‌కి 24 మీటర్లే. ఇంత తేడాలోనే వేడి అంతా ఉంది. పళ్ళకి అతికించే కార్బైడ్ చాలా గట్టి పదార్థమే, కానీ పెళుసు. వేగం మితిమీరితే వేడికి అంచు మొద్దుబారుతుంది, దెబ్బకి ముక్క ఊడిపోతుంది.

ప్రతి బ్లేడ్ మీదా గరిష్ఠ ఆర్‌పీఎం ముద్రించి ఉంటుంది. మీ సా పేరు పలక మీద ఉన్న అంకె దాన్ని దాటకూడదు. దాటితే ఆ బ్లేడ్ మీ మెషిన్‌ది కాదు, అక్కడితో ఆపేయండి. చెక్క రంపాల వేగానికి తట్టుకునేలా చేసిన స్టీల్ బ్లేడ్లు కూడా దొరుకుతాయి, మీకు కావలసింది ఆ రకమే. మీ సాకి వేగం తగ్గించే డయల్ ఉంటే తగ్గించి వాడండి, బ్లేడ్ ఎక్కువ కాలం వస్తుంది. మధ్య రంధ్రం కొలత కూడా మెషిన్ షాఫ్టుకి సరిగ్గా సరిపోవాలి. తేడా ఉంటే దానికోసం చేసిన రింగు వేయాలి తప్ప, వదులుగా ఉన్నదాన్ని నట్టు బిగింపుతో సరిపెట్టుకోకూడదు.

ఈ పళ్ళ బ్లేడ్‌ని గ్రైండర్‌కి మాత్రం ఎప్పుడూ వేయకండి. చిన్న గ్రైండర్లు 11,000 ఆర్‌పీఎం వరకూ వెళతాయి. వాటికి కింద ఆనించే ప్లేటు ఉండదు, గార్డు సగమే కప్పుతుంది. పన్ను ఒకసారి పట్టేస్తే మెషిన్ చేతిలో నిలవదు. గ్రైండర్‌కి వేసే, పళ్ళు లేని రాయి బ్లేడ్ అరగదీస్తుంది కాబట్టి గ్రైండర్‌లో సాగుతుంది, పళ్ళ బ్లేడ్ కొరుకుతుంది.

ఆ తేడా కోసిన ముక్కలోనూ కనిపిస్తుంది. రాయి బ్లేడ్‌తో కోస్తే అంచు నీలంగా కాలి, కింద ముళ్ళలాంటి బరక వేలాడుతుంది. దాన్ని మళ్ళీ ఆకురాయితోనో గ్రైండర్‌తోనో తీయాలి. పళ్ళ బ్లేడ్ స్టీల్‌ని చిన్న చిన్న రజనుగా తీసేస్తుంది, వేడిలో ఎక్కువ భాగం ఆ రజనుతోనే బయటకు పోతుంది. ముక్క త్వరగా చల్లారుతుంది, అంచు తిన్నగా వస్తుంది, వెల్డింగ్‌కి పెడితే మూల సరిగ్గా కూర్చుంటుంది. నాకు ఈ పద్ధతి నచ్చడానికి అసలు కారణం ఇదే. రవ్వలు తగ్గడం దాని తర్వాతి సంగతి.

పళ్ళ సంఖ్య గురించి చాలామంది పట్టించుకోరు. 185 మి.మీ. బ్లేడ్‌కి 48 పళ్ళుంటే పంటికీ పంటికీ మధ్య దాదాపు 12 మి.మీ. దూరం ఉంటుంది. మీ పైపు గోడ 2 మి.మీ. అయితే, నిలువుగా తాకినప్పుడు ఒక్కో పన్నూ ఒంటరిగా దెబ్బ తింటుంది. అందుకే పలుచని పైపులకీ రేకులకీ పళ్ళు ఎక్కువ ఉన్న బ్లేడ్, మందపాటి ఫ్లాట్ పట్టీలకీ యాంగిల్స్‌కీ తక్కువ ఉన్నది తీసుకోవాలి. రేకు కోసేటప్పుడు బ్లేడ్ కిందికి కొంచెమే వచ్చేలా లోతు తగ్గించండి. అప్పుడు పళ్ళు రేకుని ఏటవాలుగా తాకుతాయి, కోత నునుపుగా సాగుతుంది. టేబుల్ డ్రై కట్ మెషిన్ మీద అయితే యాంగిల్‌ని ఇంటి కప్పులా రెండు రెక్కలూ కిందికి, మూల పైకి ఉండేలా పెట్టాలి. స్క్వేర్ పైపుని కూడా కుదిరితే వి ఆకారపు దిమ్మలో మూల పైకి తిప్పి పెట్టాలి. వెడల్పాటి ముఖాన్ని బ్లేడ్ ఒక్కసారిగా ఎదుర్కోకుండా ఉంటుంది.

ఇక బిగింపు. పళ్ళు విరగడానికి నేను చూసిన ప్రధాన కారణం ఇదే. కోసే చోటికి దగ్గరగా క్లాంపు ఉండాలి. దూరంగా బిగిస్తే పైపు అదురుతుంది, ఆ అదురు పళ్ళని తినేస్తుంది. కాలితో తొక్కిపట్టడం, ఇంకొకరిని పట్టుకోమనడం వద్దే వద్దు. సా ప్లేటు బిగించి ఉన్న పెద్ద ముక్క మీద ఆనాలి, తెగిపడే ముక్క స్వేచ్ఛగా కిందికి జారాలి. రెండు చివర్లా దిమ్మలు పెట్టి మధ్యలో కోస్తే పైపు మధ్యకి కుంగి కోత సందు మూసుకుంటుంది. బ్లేడ్ అందులో ఇరుక్కుని సా మీ వైపు వెనక్కి తంతుంది.

పూర్తి వేగం అందుకున్నాకే బ్లేడ్‌ని స్టీల్‌కి తగిలించండి. మొదట మెల్లగా దించి, దారి పడ్డాక ఒకే ఒత్తిడితో నడిపించండి. మరీ సుతారంగా తోసినా నష్టమే. పళ్ళు కొరకకుండా రుద్దుతుంటాయి, వేడెక్కుతాయి. రజను రంగు చూస్తుంటే అంతా తెలుస్తుంది. వెండి రంగులోనో లేత గడ్డి రంగులోనో ఉంటే పని బాగా సాగుతోంది. నీలంగా వస్తుంటే వేగం ఎక్కువైంది, లేదా బ్లేడ్ మొద్దుబారింది. కొద్దిగా రవ్వలు మామూలే, అవి పెరుగుతూ పోతుంటే పదును పోయినట్టే. మధ్యలో టక్కుమని శబ్దం వచ్చి కోత అదరడం మొదలైతే వెంటనే ఆపి, బ్లేడ్ పూర్తిగా ఆగి, ప్లగ్ తీశాక పళ్ళు చూడండి. పన్ను ఊడి ఉంటే బ్లేడ్ మార్చాలి. మళ్ళీ అదే కోతలో పెట్టకండి, ఊడిన కార్బైడ్ ముక్క ఆ సందులోనే ఉండి కొత్త బ్లేడ్ పళ్ళనీ విరగ్గొడుతుంది. పైపు తిప్పి అవతలి నుంచి మొదలుపెట్టండి.

మీది చెక్క రంపం కాబట్టి ఇంకో రెండు జాగ్రత్తలు. గార్డు లోపల పేరుకున్న రంపపు పొట్టంతా పని మొదలుపెట్టే ముందే దులిపేయండి. వేడి రజను అందులో పడితే రాజుకుంటుంది, అది చాలాసేపటి తర్వాత కూడా అంటుకోవచ్చు. ఆ గదిలో పొట్టు, నూనె గుడ్డలు ఉంచకండి. రెండోది, స్టీల్ కోసమే చేసిన రంపాల్లో మోటారులోకి రజను పోకుండా, బయటికి ఎగరకుండా ఏర్పాట్లు ఉంటాయి. చెక్క రంపం గాలి కోసం ఉన్న రంధ్రాల నుంచి రజనుని లోపలికి పీల్చుకుంటుంది, షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. పని అయ్యాక వ్యాక్యూమ్‌తో శుభ్రం చేయండి. కింది గార్డు స్ప్రింగు సందులో కూడా రజను ఇరుక్కుంటుంది. అందుకే ప్రతి కోతకీ ముందు అది టప్పున మూసుకుంటోందో లేదో చూస్తాను.

ఆ రజను పదునుగా, వేడిగా ఉండి, చొక్కా కాలర్లోకీ బూట్లలోకీ దూరుతుంది. కళ్ళద్దాల మీద ముఖమంతా కప్పే షీల్డు పెట్టుకోండి. చెవులకి మఫ్‌లు తప్పనిసరి, ఈ శబ్దం చెక్క కోతకంటే చాలా కఠినంగా ఉంటుంది. వదులు చేతుల చొక్కాలు వద్దు. కిందపడ్డది చేత్తో ఎత్తకుండా బ్రష్షుతోనో అయస్కాంతంతోనో తీయండి.

మైల్డ్ స్టీల్ బ్లేడ్‌తో స్టెయిన్‌లెస్ కోయకండి, దానికి వేరే బ్లేడ్ ఉంటుంది. స్ప్రింగు పట్టీలు, ఆకురాళ్ళు లాంటి టెంపర్ పెట్టిన (కాల్చి గట్టిపరిచిన) స్టీల్ జోలికి అసలు వెళ్ళకండి. జింకు పూత ఉన్న పైపులు కోయొచ్చు, రాయి బ్లేడ్‌తో వచ్చేంత పొగ రాదు, అయినా ఆరుబయట కోయడమే మంచిది.

నాలుగైదు కోతలే ఉంటే మాత్రం ఇదంతా కొనకండి. అంగుళానికి 24 పళ్ళున్న మంచి హ్యాక్‌సా బ్లేడ్‌తో 2 మి.మీ. గోడ పైపు చక్కగా తెగుతుంది. మీ సా పలక మీద ఉన్న ఆర్‌పీఎం, పైపు గోడ మందం, మొత్తం ఎన్ని కోతలున్నాయో ఇక్కడ రాయండి. ఎన్ని పళ్ళ బ్లేడ్ తీసుకోవాలో చెబుతాను.