ఏ డబ్బు ఏ డబ్బును ఆపుతుంది

చిరంజీవి బాబుకి పెద్దనాన్న దీవించి రాసేది.

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. చెయ్యి ఎలా ఉందంటే "పర్లేదు పెద్దనాన్నా" అన్నావు గానీ, ఆ తర్వాత అరగంట సేపు డబ్బు గురించే అడిగావు. ఈఎస్ఐ (జీతంలోంచి చందా కట్టే కార్మికుల బీమా) డబ్బు తీసుకుంటే జీతం పోతుందా, పోయిన రెండు వేళ్లకు నెలనెలా ఏమైనా ఇస్తే రేపు పీఎఫ్ పెన్షన్‌లో కోస్తారా, ఊళ్లో అమ్మకొచ్చే పింఛను ఆగిపోతుందా అని. నీతో పనిచేసేవాళ్లు తలా ఒకటి చెప్పి నిన్ను ఇంకా టెన్షన్ పెట్టారు. ఇవన్నీ ఫోన్‌లో చెప్తే సగం గుర్తుండవు. అందుకే రాస్తున్నాను, దగ్గర పెట్టుకో.

ఏ డబ్బు చేతికొస్తున్నా ముందు "ఇది దేనికిస్తున్నారు" అని అడుగు. పనికి వెళ్లలేని రోజుల్లో జీతానికి బదులు ఇచ్చేది ఒకటి. ఒంట్లో పోయినదానికి ఇచ్చేది ఇంకొకటి. నీ పేరున కట్టినది వయసొచ్చాక పెన్షన్‌గా వచ్చేది వేరు. ఇల్లు గడవనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చేది వేరు. ఒక్కోదానికి ఒక్కో రూలు. నీ భయాలన్నీ ఈ నాలుగింటినీ కలిపేసుకోవడం వల్ల వచ్చినవే.

ఇప్పుడు నీకు రావాల్సింది మొదటి రకం. మెషిన్ దగ్గర పనిలో తగిలిన దెబ్బ కాబట్టి, డాక్టరు నువ్వు పనికి పనికిరావని సర్టిఫికెట్ ఇచ్చినన్నాళ్లూ సగటు రోజు జీతంలో 90 శాతం ఇస్తారు. నీ రోజు జీతం 600 అనుకుంటే 540. దీనికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన రోజే దెబ్బ తగిలినా ఇవ్వాలి. అదే మామూలు జబ్బు కింద రాస్తే 70 శాతమే, అంటే 420. అదీ ఏడాదికి 91 రోజులే, పైగా ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. తేడా చూశావా? అందుకని కంపెనీ పంపిన ప్రమాదం రిపోర్టులో పని చేస్తుండగా దెబ్బ తగిలిందని స్పష్టంగా ఉందో లేదో నువ్వే చూసుకో. కాపీ అడిగి తీసుకో. "ఏదైతే ఏంటి, డబ్బులొస్తాయిగా" అని ఎవరన్నా అంటే వినకు. ఒకే రోజుకి జబ్బు డబ్బు, దెబ్బ డబ్బు రెండూ ఇవ్వరు. ఏది రావాలో ఆ కాగితమే తేలుస్తుంది.

ఈ డబ్బును ఆపేది జీతం. ఏ రోజుకైతే జీతం తీసుకున్నావో, అది పని చేసి తీసుకున్నదైనా, సెలవు పెట్టి తీసుకున్నదైనా, ఆ రోజుకి ఈఎస్ఐ డబ్బు రాదు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఒకసారి నడుము పట్టేసి పదకొండు రోజులు మంచం దిగలేదు. డాక్టరు సర్టిఫికెట్లు ఈఎస్ఐ ఆఫీసులో ఇచ్చాను. ఈలోగా మా ఆఫీసులో గుమాస్తా నాకు మేలు చేద్దామని అవే పదకొండు రోజులకు నా సెలవుల్లోంచి జీతం రాసేశాడు. సంతకం పెట్టమంటే చూడకుండా పెట్టాను. రెండు డబ్బులూ వచ్చాయి, ఖర్చయిపోయాయి. కొన్ని నెలల తర్వాత తిరిగి కట్టమని నోటీసు వచ్చింది. అప్పు చేసి కట్టాను. అంతకన్నా, దొంగలా ఆ కుర్చీ ముందు నిలబడాల్సి రావడం ఈ వయసులో కూడా గుర్తొస్తే బాధేస్తుంది. నువ్వు డబ్బు అడిగిన రోజుల్లో పనిలోకి రాలేదని, జీతం ఇవ్వలేదని ఈఎస్ఐ ఆఫీసువాళ్లు కంపెనీని అడిగి సరిచూస్తారు. కాబట్టి ఏ రోజులకు సెలవు జీతం, ఏ రోజులకు ఈఎస్ఐ అన్నది ముందే తేల్చుకుని ఒక కాగితం మీద తేదీలు రాసిపెట్టుకో.

బావమరిది ఆటో సాయంత్రాలు నడుపుతానన్నావు. వద్దు నాన్నా. ఒంటి చేత్తో ప్రమాదం అన్నది ఒకటి. పని చేస్తున్న రోజుకి ఆ డబ్బుకి అర్హత లేదన్నది రెండోది. అసలు ఆ డబ్బు తీసుకుంటున్నన్నాళ్లూ వైద్యంలో ఉండాలి, కోలుకోవడానికి అడ్డొచ్చే పనులు చేయకూడదు, పర్మిషన్ లేకుండా వైద్యం జరుగుతున్న ఊరు విడిచి వెళ్లకూడదు. ఈ చివరిది చాలామందికి తెలియదు. ఊరికెళ్లి అమ్మ దగ్గర పది రోజులుంటానన్నావు కదా, ఉండు, తప్పకుండా ఉండు, కానీ ముందు డాక్టరుకి చెప్పి ఒప్పుకున్నట్టు రాయించుకో.

మీ ఇంటి పై గది అద్దె, మీ ఆవిడ కుట్టుపని డబ్బు మాత్రం ఈఎస్ఐకి సంబంధం లేదు. వాళ్లు నువ్వు పేదవాడివా కాదా అని చూడరు. చందా ఉందా, పని చేశావా, జీతం తీసుకున్నావా, ఇంతే. సెలవులో ఉన్నావని ఉద్యోగంలోంచి తీసేస్తారేమో అన్న భయం కూడా పెట్టుకోకు. దెబ్బ డబ్బు, జబ్బు డబ్బు వస్తున్న కాలంలో యజమాని పనిలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు.

గాయం మానాక రెండో రకం వస్తుంది. మెడికల్ బోర్డు ముందుకి పంపిస్తారు. నీ సంపాదించే శక్తి ఎంత తగ్గిందో వాళ్లు శాతంలో తేలుస్తారు. చట్టంలో పట్టిక ఉంది. ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం, మూడు పోతే 30, బొటనవేలు పోతే 30. ఇందాకటి 540లో 20 శాతం అంటే రోజుకి 108, నెలకి మూడు వేల పైచిలుకు. ఇది బతికున్నన్నాళ్లూ వస్తుంది. ఇది జీతానికి బదులు ఇచ్చేది కాదు, కాబట్టి నువ్వు మళ్లీ పనిలో చేరి పూర్తి జీతం తీసుకున్నా ఆగదు. ప్రమోషన్ వచ్చి జీతం ఈఎస్ఐ పరిమితి 21,000 దాటినా ఆగదు, ఆ కంపెనీ మానేసినా ఆగదు. వాళ్లు చెప్పిన గడువుల్లో జీవన ధ్రువపత్రం ఇస్తుండాలి, అంతే. పనిలో చేరితే పోతుందనుకుని బోర్డుకే వెళ్లనివాళ్లను ఇద్దరిని చూశాను. ఏళ్ల తరబడి రావాల్సిన డబ్బు వదిలేసుకున్నారు. నువ్వా పని చెయ్యకు. బోర్డు చెప్పిన శాతం తక్కువనిపిస్తే అప్పీలుకి వెళ్లొచ్చు, గడువు దాటనివ్వకు.

ఈఎస్ఐ ఉన్నవాళ్లు అదే దెబ్బకి యజమాని మీద నష్టపరిహారం చట్టం కింద వేరే కేసు వేసి రెండోసారి తీసుకోవడం కుదరదు. ఆ ఆశ పెట్టి ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకు. నువ్వు సొంతంగా కట్టుకున్న యాక్సిడెంట్ పాలసీ ఉంటే దాని దారి దానిదే, దాని షరతుల ప్రకారం అడుగు.

ఇక మూడోది, పీఎఫ్ పెన్షన్ సంగతి. 58 ఏళ్లకి వచ్చే ఆ పెన్షన్ నీ సర్వీసును, జీతాన్ని బట్టి లెక్కకట్టేది. వేళ్లకు వచ్చే డబ్బు వల్ల అది తగ్గదు, పెన్షన్ వచ్చిందని వేళ్ల డబ్బూ తగ్గదు. పీఎఫ్ పెన్షన్‌లోనే వైకల్య పెన్షన్ అని ఇంకొకటుంది. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేనివాళ్లకే అది. దేవుడి దయ వల్ల నీకు దాని అవసరం లేదు. కానీ మీ వీధిలో నడుం విరిగి మంచాన పడ్డాడే, అతనికి చెప్పు. ఉద్యోగంలో ఉండగా అలా అయితే ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు, పదేళ్ల సర్వీసు అక్కర్లేదు. అది లేదనుకుని ఆ ఇంట్లోవాళ్లు అప్పులు చేస్తున్నారు.

ఇక నాలుగోది. ఇంటి ఆదాయం చూసేది ఇదొక్కటే. మన ఆంధ్రాలో వికలాంగుల పింఛను 2024లో 3,000 నుంచి 6,000 చేశారు. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే దానికి సదరం సర్టిఫికెట్‌లో, అంటే వైకల్యం ఎంతో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చే కాగితంలో, కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఈఎస్ఐ బోర్డు ఇచ్చే 20 శాతం వేరు, సదరం శాతం వేరు, ఒకదాన్ని చూపించి ఇంకొకటి అడగలేం. పైగా మన దగ్గర కుటుంబ ఆదాయం పల్లెలో నెలకి 10,000, పట్నంలో 12,000 లోపే ఉండాలి. నీ జీతమే అది దాటుతుంది. దాని కోసం తిరగకు, జీతం దాచి రాయించుకోమని ఎవరైనా చెప్తే అసలు ఒప్పుకోకు.

అమ్మ పింఛను ఆమె పేరున, ఆమె రేషన్ కార్డు మీద వస్తోంది. పెళ్లయ్యాక నీ కార్డు వేరయింది కాబట్టి నీకొచ్చే ఈఎస్ఐ డబ్బు ఆమె ఇంటి ఆదాయంలో కలవదు. పాపం, తన పింఛను పోతుందని కాదు, తన వల్ల నువ్వు డబ్బు వదులుకుంటావేమోనని ఆమె ఏడుస్తోంది. ఈ ముక్క ముందు ఆమెకి చెప్పు.

సోమవారం ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకి వెళ్లేటప్పుడు ప్రమాదం రిపోర్టు కాపీ, సర్టిఫికెట్లన్నీ, బ్యాంకు పాసుపుస్తకం, మూడు నెలల జీతం స్లిప్పులు పట్టుకెళ్లు. సెలవు కాగితం మీద సంతకం పెట్టమని కంపెనీలో అడిగితే ఫొటో తీసి నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా పెట్టకు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న