వైకుంఠపాళి పటాలలో పాఠభేదాలు

(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మా అమ్మమ్మగారి అటక మీద దొరికిన వైకుంఠపాళి పటంతో మొదలైన సరదా ఇప్పుడు పందొమ్మిది పటాల దాకా వచ్చింది. కొన్ని రాజమహేంద్రవరం కోటగుమ్మం దగ్గర కొన్నాను, కొన్ని అంతర్వేది తీర్థంలో నేల మీద పరిచి అమ్మేవారి దగ్గర దొరికాయి, మిగిలినవి బంధువుల ఇళ్లలో అడిగి తెచ్చుకున్నాను. ఒక్క దాని మీదా అచ్చయిన సంవత్సరం లేదు. “అన్నీ ఒకటేగా, ఇన్నెందుకు?” అని మావారు అంటున్నారు. వీటిలో ఏది ముందుదో, ఏది వెనకదో తెలుసుకొనే మార్గం ఉందా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ముందు మీ వారికి జవాబు చెబుదాం. అవి అన్నీ ఒకటి కావు. ఏవైనా రెండు పటాలను పక్కపక్కన పరిచి, పెద్దపాము తల దగ్గర రాసి ఉన్న పేరు చదవండి. నా దగ్గర ఉన్న ఒక పటంలో అది ‘అరుకాసురుడు’, మరొకదానిలో ‘అరుకాషుడు’. ఒకదానిలో ఆ పాము తోక అట్టడుగు గడి దాకా సాగితే, ఇంకొకదానిలో బొమ్మ గీసినవారికి చోటు చాలక రెండు గళ్ల పైనే మెలిక తిరిగి ఆగిపోయింది. తాళపత్ర ప్రతులలో కావ్యాలకు పాఠభేదాలు ఏర్పడిన తీరుగానే ఇవీ ఏర్పడ్డాయి. ఒక అచ్చుకూటంవారి పటాన్ని చూసి మరొకరు కొత్తగా గీయించుకున్నప్పుడు, గీసినవారు ఒక అక్షరాన్ని పొరపాటుగా చదివితే, ఆ పొరపాటు వారి పటాన్ని చూసి గీసినవారందరికీ సంక్రమించింది. కనుక తప్పులను చూసి నవ్వుకొని వదిలేయకండి. ఏ పటానికి ఏది మాతృకో చెప్పేవి ఆ తప్పులే. నన్నడిగితే ఈ సేకరణలో అసలు రుచి పాతదనంలో కన్నా ఇక్కడే ఎక్కువగా ఉంది.

ఇక కాలనిర్ణయం. అమ్మినవారి మాటను పక్కన పెట్టి పటం అంచులను చదవండి. అడుగున చిన్న అక్షరాలలో వెల, ముద్రాపకుల ఊరు, చిరునామా ఉంటాయి. వెల ‘రు. 0-2-0’ అని మూడు అంకెలలో ఉంటే అది రూపాయలు, అణాలు, ‘పై’ల (అణాలో పన్నెండో వంతు) పాత లెక్క కనుక ఆ పటం 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రావడానికి ముందు అచ్చుకు సిద్ధమైనదని అనుకోవచ్చు. ‘నయాపైసలు’ అని ఉంటే అది 1957కూ 1964కూ నడుమ అచ్చయి ఉంటుంది, ఎందుకంటే 1964 జూన్‌లో ‘నయా’ అన్న మాటను తీసివేశారు. ఊరి పేరు పక్కన ‘మద్రాసు-1’ అన్నట్టు ఒక చిన్న అంకె మాత్రమే ఉంటే అది పిన్‌కోడుకు ముందరి అలవాటు. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆ పిన్‌కోడు 533తో మొదలైతే తూర్పు గోదావరి వైపుది, 534తో మొదలైతే పశ్చిమ గోదావరి వైపుది. ‘ఆంధ్ర రాష్ట్రం’ అని ఉంటే అది 1953 అక్టోబరుకూ 1956 నవంబరుకూ మధ్య అచ్చయ్యే అవకాశం ఎక్కువ. సెల్‌ఫోన్ నంబరు ఉన్నది 1995కు ముందుది కాజాలదు. ‘కోనసీమ జిల్లా’ అని చిరునామా ఉంటే అది 2022 ఏప్రిల్ తర్వాతిది, అంటే దాదాపు నిన్న మొన్నటిది.

అయితే ఈ గుర్తులలో అన్నిటికన్నా కొత్తదాని మాటే చెల్లుతుంది. పాత ప్లేట్లను దాచుకొని అచ్చు వేసినవారు పాత చిరునామాను అలాగే ఉంచేసి, ఒక మూల ఫోన్ నంబరు మాత్రం చేర్చడం మామూలే. దీనికి తలకిందులైన సందర్భం కూడా ఉంది. నా పటాలలో ఒకదాని మీద ‘0-2-0’ అని అచ్చయి ఉండగా, దాని మీదుగా ఊదారంగు రబ్బరు స్టాంపుతో ‘15 పైసలు’ అని గుద్దారు. అచ్చు 1957కు ముందుదే. అమ్మకం మాత్రం 1964 తర్వాతది. అంటే ఆ కట్ట ఏడేళ్లకు పైగా ఏదో కొట్టు అరలో అమ్ముడుపోకుండా పడి ఉందన్నమాట. అలాంటి స్టాంపును రబ్బరుతో చెరిపి పటాన్ని ‘శుభ్రం’ చేసినవారిని నేను ఎరుగుదును. దయచేసి మీరు ఆ పని చేయకండి.

అంచులు చిరిగిపోయిన పటాలకు వాచీలు బాగుచేసేవారు కంటికి పెట్టుకొనే కటకం సాయపడుతుంది. పాము ఒంటి మీద రంగును దానితో చూడండి. నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలు వరుస తప్పకుండా చిన్న చిన్న పూలలా కనబడితే అది ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో అచ్చు వేసిన పటం. చుక్కలు లేకుండా రంగు నిండుగా పరుచుకొని, ఎరుపు మాత్రం గీత దాటి పక్క గడిలోకి కాస్త జరిగి ఉంటే, ఒక్కొక్క రంగునూ విడివిడిగా రాతి మీదో, జింకు రేకు మీదో గీసి అచ్చు వేసిన పాత పద్ధతి అయి ఉండే అవకాశం ఎక్కువ. అరసున్నలనూ బండి ఱలనూ చూసి మాత్రం తొందరపడకండి. పూజా పుస్తకాలు వేసేవారు పాత వర్ణక్రమాన్ని చాలాకాలం వదలలేదు కనుక అది సూచనే తప్ప సాక్ష్యం కాదు.

ఒక నోటుపుస్తకం పెట్టుకొని పటానికొక పుట కేటాయించండి. పొడవు వెడల్పులు, మొత్తం గళ్లు, అడుగు పంక్తి యథాతథంగా, ఎక్కడ ఎంతకు కొన్నారన్నది, వీటికి మించి ప్రతి పాముకూ తల ఏ గడిలో, తోక ఏ గడిలో అన్నది రాయండి. పుటలన్నీ నిండేసరికి మీ పందొమ్మిది పటాలూ నాలుగైదు కుటుంబాలుగా వాటంతట అవే విడిపోవడం చూస్తారు. మీ వారికి ఆ పుస్తకం చూపించండి.

ప్రశ్న: మాది పి. గన్నవరం దగ్గర లంక గ్రామం. 1986 ఆగస్టు వరదలో మా ట్రంకుపెట్టె మునిగినప్పుడు అందులో ఉన్న వైకుంఠపాళి పటాన్ని మా నాన్నగారు తీగ మీద ఆరవేసి దాచారు. సగం దాకా ఒండ్రు మరక ఉంది, మడతల దగ్గర చిరిగింది, వెనక ఎప్పుడో అంటించిన సెల్లోటేపు ఉంది. లామినేషన్ చేయిస్తే కలకాలం ఉంటుందని ఫొటోస్టూడియోవారు అంటున్నారు. చేయించమంటారా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: వద్దు మాస్టారూ. లామినేషన్‌లో వేడికి కరిగిన జిగురు కాగితపు పీచులోకి దిగిపోతుంది. రేపు మీ మనుమలు దాన్ని విప్పించాలనుకుంటే పటం ఊడి వస్తుంది తప్ప ప్లాస్టిక్ ఊడదు. పైగా మన లంకల గాలిలో కాగితం పీల్చుకున్న చెమ్మ లోపలే చిక్కుకుపోతుంది.

ఎండిన ఒండ్రును నీడలో, గాలి తగిలే చోట, ముక్కుకు గుడ్డ కట్టుకొని, బొమ్మలు వేసే మెత్తని కుంచెతో నడిమి నుంచి అంచులకు తేలికగా తుడవండి. రాలినంతే రాలనివ్వండి. తడిగుడ్డ తగిలించవద్దు; ఆనాటి ఎరుపు సిరాలలో కొన్ని నీళ్లు తగలగానే పాకుతాయి. ఇస్త్రీపెట్టెతో మడతలు తీయవద్దు. సెల్లోటేపును లాగితే అచ్చు పొర దానితోనే వస్తుంది కనుక ప్రస్తుతానికి దాని జోలికి పోకండి, కొత్తది మాత్రం అంటించకండి. చిరుగులను అతికించాలనుకుంటే పుస్తకాలు బైండు చేసేవారి లై (పిండిజిగురు) వాడకండి. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది. పురుగును ఆపే ఆ మైలుతుత్తమే ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని పెళుసు చేస్తుంది. ఇంట్లో ఏమీ కలపకుండా ఉడికించిన గోధుమగంజిని పలచని పీచు కాగితానికి కొద్దిగా రాసి వెనకవైపు నుంచి అతికించడం మేలు. నచ్చకపోతే తర్వాత కాస్త తడి చేసి తీసివేయవచ్చు.

దాచేటప్పుడు మడవకుండా పరిచి, బొమ్మలు వేసుకొనే మంచి నూలు కాగితాల నడుమ ఉంచి, బీరువా పై అరలో పెట్టండి. కింది అర ఎందుకు కూడదో వరద చూసిన మీకు చెప్పనక్కరలేదు. గాలిలో తేమ అరవై అయిదు శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు పడుతుంది. మన డెల్టాలో శ్రావణం నుంచి కార్తీకం దాకా అదే పరిస్థితి. అందువల్ల మాఘ, ఫాల్గుణాలలో ఒకసారి బయటికి తీసి నీడపట్టున గాలికి ఉంచండి, ఎండలో కాదు. నాఫ్తలీన్ ఉండలు అరలో ఉన్నా పటానికి తగలనివ్వకండి.

మరక సంగతి. ఆ ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదయింది. మీ పటం మీద ఒండ్రు గీత ఎంత ఎత్తున ఉందో ఆనాడు మీ ట్రంకుపెట్టెలో నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయి. దాన్ని పోగొట్టాలని చూడకండి. నాన్నగారు చెప్పిన వివరాలను వేరే కాగితం మీద రాసి పటంతో పాటే దాచండి. పటం వెనక బాల్‌పెన్నుతో రాయకండి.

ప్రశ్న: గుడ్డ మీద చిత్రించిన పాములపటం ఒకటి తెలిసినవారి ద్వారా అమ్మకానికి వచ్చింది. మరాఠీ భక్తకవి సంత్ జ్ఞానేశ్వర్ కాలం నాటి సంప్రదాయమని, మూడు వందల ఏళ్ల పాతదని చెప్పి పెద్ద మొత్తం అడుగుతున్నారు. కొనవచ్చునా? ఇంగ్లీషు ‘స్నేక్స్ అండ్ ల్యాడర్స్’ అట్టలను కూడా ఈ సేకరణలో చేర్చవచ్చునా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పదమూడవ శతాబ్దిలో జ్ఞానేశ్వర్ ఈ ఆటను కల్పించారన్నది వాడుకలో ఉన్న కథ, దానికి ఆనాటి ఆధారం చూపినవారు లేరు. కాలం చెప్పడానికి వీలైన పాత పటాలు ఎక్కువగా పద్దెనిమిదో శతాబ్దినాటివి, ఆ తర్వాతివి. ఉత్తరాదిన వీటిని జ్ఞాన చౌపడ్ అంటారు. వైష్ణవ పటాలలో డెబ్బై రెండు గళ్లు, జైన పటాలలో ఎనభై నాలుగు గళ్లు తరచుగా కనిపిస్తాయి. మన అచ్చు పటాలలో గళ్లు నూరు దాటుతాయి. కాబట్టి ముందు గళ్లు లెక్కపెట్టండి. అమ్మేవారి కథకూ గళ్ల లెక్కకూ పొసగకపోతే అక్కడే అనుమానించవచ్చు.

తర్వాత గుడ్డను తిరగేసి చూడండి. నిజంగా వాడిన గుడ్డ మడతల దగ్గర నలిగి రంగు రాలి ఉంటుంది, మడత లోపలి భాగం కాస్త నిండుగా ఉంటుంది. టీ డికాక్షన్‌లో ముంచి పాతబరచినదైతే లోపలా బయటా ఒకే గోధుమరంగు పట్టి ఉంటుంది. నోట్లను పరీక్షించే ఊదా దీపం కింద పెడితే ఇంకా తెలుస్తుంది. 1950ల ప్రాంతం నుంచి కాగితానికీ గుడ్డకూ తెలుపుదనం కోసం కలుపుతున్న రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. అయితే పాత గుడ్డనే ఎవరైనా సబ్బుపొడితో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది కనుక ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పవద్దు. చూసుకోవడానికి రెండు రోజులు ఇవ్వనన్న పటాన్ని నేనైతే కొనను.

ఇంగ్లీషు అట్టలను చేర్చవచ్చు, కాని వేరే కట్టగా ఉంచండి. ఈ ఆట లండన్‌లో 1890లలో అమ్మకానికి వచ్చింది. అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1943లో పాముల బదులు జారుడుబల్లలు పెట్టి అమ్మింది. మన పటాలలో అసూయ, అహంకారం, లోభం అని పాముల తలల దగ్గరా, జ్ఞానం, భక్తి, వైరాగ్యం అని నిచ్చెనల దగ్గరా రాసి ఉంటుంది. సముద్రం దాటి వెళ్లిన ఆట పిల్లల చిలిపి పనులకు శిక్షలు, మంచి పనులకు బహుమతులుగా మారి, చివరకు మాటలన్నీ పోయి అంకెలు మాత్రమే మిగిలిన అట్టగా మన కిరాణా కొట్లకు లూడో వెనకవైపున తిరిగి వచ్చింది. అలాంటి అట్ట ఒకటి తప్పక దాచండి.

ప్రశ్న: ముక్కోటి ఏకాదశి జాగరణలో మా ఇంట్లో గవ్వలతోనూ, ఒకవైపు అరగదీసిన చింతపిక్కలతోనూ ఆడేవారు. వాటిని కూడా పటంతో పాటు దాచవచ్చునా?
— ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: తప్పకుండా దాచండి, కాని పటంతో పాటు కాదు. చింతపిక్కల్లో పురుగు ఉందంటే అది పిక్కలతో ఆగదు. వాటిని బాగా ఎండబెట్టి, మూత బిగువుగా ఉండే చిన్న గాజు సీసాలో వేసి, ఏ పటానికి చెందినవో సీసా మీద చీటీ అంటించండి. గవ్వలకు ఆ భయం లేదు. వాటికి గుడ్డసంచి చాలు.