లెక్క అడిగినందుకు వేదన పడుతున్న నా చెల్లెలి కూతురికి

బిడ్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మందిర నిర్మాణ నిధి లెక్కలు చూపించమన్నావు. మరుసటి ఆదివారానికల్లా నీ సండే స్కూల్ తరగతి ఇంకొకరి చేతికి వెళ్లిపోయింది. ప్రసంగంలో నీ పేరెత్తకుండా నీ వైపే చూస్తూ, మోషే మీద తిరగబడిన కోరహును గుర్తుచేసి ‘కోరహు సంతానం’ అన్నారు. మొన్నటిదాకా చేతులు పట్టుకుని వందనాలు చెప్పినవాళ్లు హన్మకొండ చౌరస్తాలో ఎదురుపడితే ముఖం తిప్పుకున్నారు.

‘మనుషులను చూడకు, దేవుణ్ణే చూడు’ అని ఈపాటికి నీకు పదిమంది చెప్పి ఉంటారు. నాకా మాట పడదు. దెబ్బ కొట్టినవారికి ఎవరూ చెప్పరు, తిన్నవారికే చెబుతారు. 55వ కీర్తన తీసి గట్టిగా చదువు. తనను నిందించినవాడు శత్రువైతే సహించేవాణ్ణనీ, మందిరానికి కలిసి నడిచిన చెలికాడే ఈ పని చేశాడనీ అక్కడ దావీదు దేవుడితోనే మొరపెట్టుకుంటాడు. మనుషుల మీద ఫిర్యాదు కూడా ప్రార్థనే. నీకిప్పుడు స్తుతి నోట రాకపోతే ఇదే చెయ్యి. కన్నీళ్లు వస్తే రానీ.

కోరహు సంగతికి వద్దాం. వాక్యం తెలిసినవారు సగంలో ఆగకూడదు. సంఖ్యాకాండం 16లో భూమి నోరు తెరిచి మింగిన కథ చెప్పారు సరే, 26వ అధ్యాయం 11వ వచనం ఎందుకు చదవలేదు? కోరహు కుమారులు చావలేదని అక్కడ స్పష్టంగా ఉంది. ‘నీ నివాసములు ఎంత రమ్యములు’ అని మనం పాడుకునే 84వ కీర్తన ఎవరి పేరు మీద ఉందో పైన శీర్షికలో చూసుకో, కోరహు కుమారులదే. నిన్ను తిట్టబోయి మంచి పాటగాళ్ల వంశంలో కలిపారు.

పాస్టర్లను ప్రశ్నించకూడదనే అర్థంలో ‘అభిషిక్తులను ముట్టకూడదు’ అనే మాట కూడా నీ మీద ప్రయోగించారని రాశావు. అది 105వ కీర్తనలోది. దాని ముందు వచనాలు చదువు. కొద్దిమందిగా, సొంత నేల లేకుండా దేశదేశాలు తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు అనే పితరుల గురించి దేవుడు రాజులను గద్దించి చెప్పిన మాట అది. బలహీనులకు కాపుగా ఉన్న వచనాన్ని గల్లాపెట్టెకు తాళంగా వాడటం నేను ఒప్పుకోను. పౌలు అంతటివాడు యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను ఒక్కడే మోసుకెళ్లలేదు. ఎవరూ తప్పు పట్టకూడదని తీతుతోపాటు సంఘాలు ఎంచుకున్న సహోదరులనూ కలుపుకున్నాడు. రెండో కొరింథీ 8లో ఉంది. నువ్వు అడిగింది అంతకంటే ఎక్కువేమీ కాదు.

ఇక చేయవలసిన పనులు. వాట్సాప్ గ్రూపులో జవాబు పెట్టకు, ఎంత న్యాయమైన మాటైనా సరే. జరిగింది తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాసుకో, రసీదులు దాచుకో. ముందు పాస్టరుగారితో ఒంటరిగా మాట్లాడు, వినకపోతే ఇద్దరు సాక్షులతో వెళ్లు, అప్పటికీ కాకపోతే సంఘం ముందు పెట్టు. మత్తయి 18 చెప్పిన వరుస ఇదే. ఒక్క మినహాయింపు: పిల్లల మీదో ఆడవాళ్ల మీదో అఘాయిత్యం జరిగిందంటే ఈ వరుస వర్తించదు, నేరుగా పోలీసు స్టేషనే.

క్షమించమని తొందర పెడతారు. క్షమించడం నీకూ దేవుడికీ మధ్య సంగతి, దానికి పట్టే కాలం పడుతుంది. లెక్క చూపడం వాళ్ల బాధ్యత. మొదటిది జరిగిందని రెండోది మాఫీ కాదు.

కొన్నాళ్లు వేరే చోట ఆరాధనకు వెళ్లాలనిపిస్తే వెళ్లు. కాజీపేట ఫాతిమానగర్ కేథలిక్ కెథడ్రల్‌లో వెనక బెంచీ మీద కూర్చుంటే నీ ఊరు, పేరు ఎవరూ అడగరు. మనది బాప్టిస్టు కుటుంబమని మీ అమ్మ గొణుగుతుంది, గొణగనీ. ఓపిక ఉంటే రైలెక్కి డోర్నకల్ వెళ్లి, గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిపి కట్టించిన అజరయ్యగారి కెథడ్రల్ చూసి రా. 1910లో ఎడిన్‌బరోలో తెల్ల మిషనరీల మహాసభలో నిలబడి, మీరు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని ముఖం మీదే అడిగాడాయన. సభలో చాలామందికి కోపం వచ్చింది. ఆయన మాట వెనక్కి తీసుకోలేదు, సంఘాన్నీ వదల్లేదు. 1912లో డోర్నకల్‌కు బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు.

కొత్త చోట వెంటనే ఏ బాధ్యతా నెత్తిన వేసుకోకు. నీ గొంతు విన్నారంటే క్వయర్‌లోకి లాగుతారు, కొన్ని నెలలు తప్పించుకో. కానుక మానవద్దు, అది ఎక్కడికి పోతుందో నీ కళ్లకు కనబడే చోట ఇవ్వు.

మారాలనే నిశ్చయించుకుంటే బాప్తిస్మ పత్రం, సభ్యత్వ బదిలీ ఉత్తరం ముందుగానే తీసుకో. రేపు పిల్లల పెళ్లిళ్లకూ, సమాధి తోటలో చోటుకూ అవి అడుగుతారు. దరఖాస్తులో కారణం అడిగితే ‘వ్యక్తిగతం’ అని రాయి, అంతకు మించి ఒక్క ముక్క వద్దు.

నీ పెద్దమ్మ