హనుమకొండ, వరంగల్ గుట్టల మీది బండలు హిమానీనదాలు మోసుకొచ్చినవేనా?

కావు. పద్మాక్షి గుట్టయినా, కోటలోని ఏకశిలయినా పుట్టినచోటే ఉన్న గ్రానైటు, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. పగుళ్లలోకి నీరు దిగి, మూలలు అరిగి, మధ్యలో మట్టి కొట్టుకుపోతే మిగిలిన గుండ్లు అవి.

అలాగని మంచు మన వైపు రాలేదనుకోకండి. వచ్చింది. దాని గుర్తులు బొగ్గు కింద ఉన్నాయి.

నేను కొన్నాళ్లు రామగుండం వైపు బొగ్గు కోసం బోర్లు వేసే రిగ్గు మీద పనిచేశాను. ఒక బోరులో బొగ్గు పొరలన్నీ దాటాక ఆకుపచ్చ మట్టిరాయి తగిలింది. జియాలజిస్టు సారు కోర్ (బోరులోంచి తీసిన రాతి కడ్డీ) చూసి, "తాల్చేర్ వచ్చింది, ఇక ఆపేయండి, కింద బొగ్గుండదు" అన్నారు. తాల్చేర్ అంటే బొగ్గు పొరల అడుగున ఉండే రాతిపొరల పేరు. అందరూ రాడ్లు లాగే పనిలో పడ్డారు. నేను ఆ ముక్కను నీళ్లతో కడిగాను. సన్నటి పొరల మధ్య నిమ్మకాయంత గులాబీరంగు గ్రానైటు రాయి! దాని కింది పొరలు కుంగి ఉన్నాయి, పై పొరలు దాన్ని మామూలుగా కప్పేశాయి. అంత సన్నటి బురద పేరుకోవాలంటే నీరు దాదాపు కదలకుండా ఉండాలి. అలాంటి నీటికి ఆ రాయిని దొర్లించే బలం ఎక్కడిది? తేలుతూ వచ్చిన మంచుగడ్డ కరిగి, తనలో ఇరుక్కున్న రాయిని జారవిడిచిందని సారు చెప్పారు. ఇది సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. అప్పుడు మన నేల గోండ్వానా అనే పాత మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువం వైపు ఉండేది.

వాగు సరుకును వేరుచేస్తుంది. కంకర ముందు ఆగిపోతుంది, ఇసుక ఆ తర్వాత, ఒండ్రు చివర. హిమానీనదానికి ఆ పట్టింపు లేదు. మెత్తటి రాతిపొడి నుంచి ఇంటంత బండ దాకా కలిపి మోసి, కరిగినచోట కలిపే కుమ్మరిస్తుంది. ఆ కుప్పలే మొరైన్లు, గంగోత్రి దగ్గర గట్లుగా కనిపిస్తాయి. అడుగున ఇరుక్కున్న రాళ్లు కింది బండను గీరుతూ పోతాయి. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి ఇరాయిలో సున్నపురాయి మీద అలాంటి గీతలున్నాయి. 1870లలోనే భూగర్భ శాస్త్రజ్ఞులు వాటిని గుర్తించారు.

నా బాధేమిటంటే, హిమానీనదం పాఠం అనగానే పిల్లలకు ఆల్ప్స్ బొమ్మే చూపిస్తారు. మంచిర్యాల పిల్లవాడికి తన కాళ్ల కింద ఏముందో ఎవరూ చెప్పరు. అక్కడ కోర్ పెట్టెలేమో ఎండకూ వానకూ వదిలేస్తారు, ఆ ఆకుపచ్చ రాయి చిట్లి పొడైపోతుంది. పారేసే బదులు బొగ్గు ప్రాంతంలోని ప్రతి హైస్కూలుకూ ఒక్కో పెట్టె ఇవ్వండి. పిల్లలు కడిగి చూసుకుంటారు.