ముందు సిమ్ ఆపించండి, ఫోన్ సంగతి తర్వాత

అక్కా, నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర బస్సెక్కే తోపులాటలో అమ్మ ఫోన్ పోయిందని, స్క్రీన్ లాక్ ఉంది కాబట్టి రేపు చూసుకోవచ్చా అని అడిగారు. రేపటిదాకా ఆగొద్దు. ఆ లాక్ ఫోనుకే, సిమ్‌కు కాదు. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ వాడికే వస్తాయి.

ఇప్పుడే మీ ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కు చేసి ఆ సిమ్ ఆపించండి. వెంటనే బ్యాంకుకు చేసి యూపీఐ, ఏటీఎం కార్డు బ్లాక్ చేయించండి. ఖాతాలో ఒక్క రూపాయి కదిలినట్టు కనిపించినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

ఆ తర్వాతే పోలీస్ స్టేషన్. ఫిర్యాదు కాపీ అడిగి తీసుకోండి, అదే నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకోండి. అవి చేతికొస్తే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఫోన్‌నే బ్లాక్ చేయొచ్చు. 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, అడుగుతుంది, అది ఫోన్ వచ్చిన అట్టపెట్టె మీద ఉంటుంది.

పోయినేడు కావలిలో మా మామయ్యకూ ఇంతే. ఒక చేతిలో సంచి, రెండో చేత్తో బస్సు కడ్డీ, ఫోనేమో చొక్కా పైజేబులో. వెనక నుంచి తోసినట్టే తోసి లాగేశారు. మూడో రోజు ‘మీ ఫోన్ దొరికింది, పిన్ కొట్టండి’ అని లింకు వచ్చింది. ఆయన సంబరంగా కొట్టబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మీకూ అలాంటిది రావచ్చు, నొక్కొద్దు.

అమ్మను మాత్రం ఏమీ అనకండి, పాపం ఇప్పటికే టెన్షన్‌లో ఉంటారు. సిమ్ ఆగిందో లేదో రాత్రికి ఒక్క మాట చెప్పండి.